కోయలేని గడ్డకు కొలిచి వేసిన కిరణం

కర్నూలు నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలో నందికొట్కూరు దాటాక జూపాడు బంగ్లా వస్తుంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా ఇది కర్నూలు జిల్లా మండలం. శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ఈ మండలంలోనే ఉంది కనుక, ఈ ప్రాంతం పేరు పత్రికల్లో ఎక్కువగా నీటి తగాదాల సందర్భంలోనే కనబడుతుంది. ఇక్కడి జనం వైద్యం కోసం చేసిన ప్రయాణాలకూ ఒక చరిత్ర ఉంది. అందులో ఒక చిన్న పాయను మాత్రమే ఇక్కడ చెప్పదలిచాను. పుర్రె అడుగున పెరిగే మెనింజియోమా అనే గడ్డకు గురిచూసి ఇచ్చే రేడియేషన్ ఎలా పుట్టింది, దక్షిణాదికి ఎలా చేరింది, రాయలసీమ పల్లె మనిషికి ఎంతవరకు అందింది అన్నదే విషయం.

మెదడును మూడు పొరలు కప్పి ఉంటాయి. వాటిలో నడిమి పొర కణాల నుంచి పుట్టే గడ్డను మెనింజియోమా అంటారు. అది మెదడు కణాల్లోంచి పుట్టదు, బయటి నుంచి మెదడును ఒత్తుతుంది. పదింట ఎనిమిది దాకా క్యాన్సర్ స్వభావం లేనివే. చాలా నెమ్మదిగా పెరుగుతాయి, కొన్ని ఏళ్ల తరబడి పెరగకుండానే ఉండిపోతాయి. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు కనిపిస్తాయి. నడినెత్తి దగ్గరో నుదుటి పైభాగంలోనో పుడితే ఎముక తెరిచి, అంటుకున్న పొరతో సహా తీసేయవచ్చు. చాలామందికి ఆ ఒక్క ఆపరేషనుతో జబ్బు తీరిపోతుంది. పుర్రె అడుగున పుట్టినప్పుడే చిక్కంతా.

ఆ చిక్కు ఎలాంటిదో తెలియాలంటే కేవర్నస్ సైనస్ అనే చోటును కాస్త దగ్గరగా చూడాలి. కంటి గుంటల వెనక, పిట్యుటరీ గ్రంథికి అటొకటి ఇటొకటి ఉండే సిరల గదులివి. ఒక్కొక్కటి రెండు సెంటీమీటర్ల పొడవు, సెంటీమీటరు వెడల్పు. అంత ఇరుకులోనే మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని మెలిక తిరిగి పైకి పోతుంది. దాని పక్కనే కనుగుడ్డును తిప్పే మూడు నరాలు, ముఖానికి స్పర్శనిచ్చే నరం కొమ్మలు ఉంటాయి. కొద్దిపాటి ఎత్తులో చూపు నరాలు. వెనకవైపు ఊపిరిని, గుండెను నడిపించే మెదడు కాండం. గడ్డ ఈ గదిలోకి పాకిందంటే ధమనిని చుట్టేస్తుంది, నరాల సందుల్లోకి చొరబడుతుంది.

అప్పుడు కనిపించే మొదటి లక్షణం తలనొప్పే కానక్కర్లేదు. ఒక రెప్ప వాలుతుంది. మెట్లు దిగేటప్పుడు ఒక మెట్టు రెండుగా కనబడుతుంది. చెంప మొద్దుబారుతుంది, లేదా పంటి నొప్పిలాంటి పోటు పెడుతుంది. ఇవన్నీ మనిషిని మొదట కంటి డాక్టరు దగ్గరికో పంటి డాక్టరు దగ్గరికో పంపే లక్షణాలు. కళ్లజోడు మార్చినా, పన్ను పీకించుకున్నా బాధ తగ్గనప్పుడు గాని తలకు స్కాన్ అన్న మాట రాదు. ఈలోగా ఏడాదో రెండేళ్లో గడిచిపోతాయి. గడ్డది నిదానపు నడక గనుకే ఆ ఆలస్యాన్ని చాలామంది తట్టుకోగలుగుతున్నారు.

ఈ గడ్డ గురించి వైద్యులు రాసిన తొలి వర్ణన 1614 నాటిది. స్విట్జర్లాండులోని బాసెల్ నగర వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్, కొన్నేళ్లపాటు క్రమంగా మతి కోల్పోయి చనిపోయిన ఒక సామంతుడి తల తెరిచి చూసి, లోపల గుండ్రటి గడ్డ ఉందని రాసిపెట్టాడు. బతికి ఉండగానే గడ్డను తీయడం మాత్రం మత్తుమందు, క్రిములను చంపే పద్ధతులు వచ్చాక గాని సాధ్యపడలేదు. 1880ల మధ్యలో రోమ్‌లో ఫ్రాన్సెస్కో డురాంటే అనే శస్త్రవైద్యుడు ఒక స్త్రీకి ముక్కు పైభాగాన పుర్రె అడుగున పెరిగిన గడ్డను తీశాడు. ఆమె కోలుకుంది. అది పుర్రె అడుగు గడ్డ, పైగా ఎక్స్‌రే కూడా లేని కాలం. వాసన పోవడం, కనుగుడ్డు పక్కకు జరగడం లాంటి లక్షణాలను బట్టే గడ్డ ఎక్కడుందో ఆయన ఊహించాడు. ఆ ఊహ వెనకున్న పరిశీలనకు ఇప్పటికీ చెయ్యెత్తి మొక్కాలి.

మెనింజియోమా అనే పేరు పెట్టినవాడు అమెరికా నాడీశస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్. 1922లో ఆ మాటను వాడుకలోకి తెచ్చాడు. రక్తస్రావాన్ని ఆపే విద్యుత్ పరికరాన్ని 1926లో ఆపరేషను గదిలోకి తెచ్చిందీ ఆయనే. అంతకుముందు రక్తం ధారకట్టి సగంలో ఆపేసిన ఆపరేషన్లను దాని సాయంతో మళ్లీ చేయగలిగాడు. లూయిస్ ఐజెన్‌హార్ట్‌తో కలిసి 1938లో ఈ గడ్డల మీద ప్రచురించిన బృహద్గ్రంథం తరవాతి తరాలకు పాఠ్యగ్రంథమైంది. కుషింగ్ తరం ఆలోచన ఒక్కటే, గడ్డను పూర్తిగా తీసెయ్యాలి. మిగిలిందల్లా మళ్లీ పెరుగుతుందని వాళ్లకు అనుభవంలో తెలుసు.

దాన్ని లెక్కలతో నిరూపించింది డోనాల్డ్ సింప్సన్. 1957లో ఆయన వేసిన లెక్క నేటికీ ప్రతి నాడీశస్త్రవైద్య విద్యార్థి చదువుతాడు. గడ్డతో పాటు అది అంటుకున్న పొరను, గడ్డ పాకిన ఎముకను కూడా తీస్తే తిరగబెట్టడం 9 శాతం. పొరను తీయకుండా కాల్చి వదిలితే 19. పొరను ముట్టకుండా గడ్డను మాత్రం తీస్తే 29. గడ్డలోనే కొంత మిగిలిపోతే 44. నెత్తి మీది గడ్డకు ఈ లెక్క దారి చూపింది. కేవర్నస్ సైనస్ గడ్డ విషయంలో మాత్రం వైద్యుణ్ని ఇరకాటంలో పెట్టింది, ఎందుకంటే అక్కడ పొరను తీయడమంటే ధమనినీ నరాలనూ తీయడమే.

ఇక్కడ 1949 అనే సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడు స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ అనే నాడీశస్త్రవైద్యుడు తలకు బిగించే లోహపు చట్రం ఒకటి తయారుచేసి ప్రకటించాడు. తలలోని ఏ బిందువునైనా మూడు కొలతలతో గుర్తించి, సరిగ్గా అక్కడికే సన్నని సాధనాన్ని పంపే ఏర్పాటు అది. అదే ఏడు వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జాకబ్ చాండీ దేశంలోనే మొదటి నాడీశస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు. మరుసటి ఏడు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి.రామమూర్తి పని మొదలుపెట్టారు. అప్పటికి కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. మన జిల్లాల వాళ్లకు పెద్దాసుపత్రి అంటే చెన్నపట్నమో రాయవేలూరో. రేణిగుంట మీదుగా కాట్పాడిలో దిగి వేలూరు చేరే ఆనవాయితీ నేటికీ రాయలసీమలో చెరిగిపోలేదు. ఆ ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో తెలుగు వినబడటం అందుకే.

లెక్సెల్ చట్రంతో ఆగలేదు. సూదిని పంపినట్టే కిరణాన్ని పంపలేమా అని అడిగాడు. 1951లో రేడియోసర్జరీ అనే మాటను మొదటిసారి అచ్చులోకి తెచ్చాడు. కత్తి లేకుండా, పుర్రె తెరవకుండా, లోపలి ఒక్క బిందువును మాత్రం కిరణంతో నాశనం చేయడం ఆయన ఉద్దేశం. మొదట తన చట్రానికి ఎక్స్‌రే గొట్టాన్ని తగిలించి చూశాడు. తరవాత ఉప్సాలా విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రజ్ఞుడు బోర్యె లార్సన్‌తో కలిసి ప్రోటాన్ కిరణాలతో ప్రయోగాలు చేశాడు. యంత్రం మరీ పెద్దది, ఆసుపత్రిలో పెట్టుకునేది కాదు. చివరికి కోబాల్ట్ దగ్గరికి వచ్చాడు.

కోబాల్ట్-60 అప్పటికే క్యాన్సర్ చికిత్సలో స్థిరపడింది. 1951లో కెనడాలో తొలిసారి రోగుల మీద వాడారు. దాని నుంచి వెలువడే గామా కిరణాలు పాత ఎక్స్‌రేలకన్నా లోతుకు పోతాయి, చర్మాన్ని అంతగా కాల్చవు. అయిదేళ్ల మూడు నెలలకు దాని శక్తి సగానికి తగ్గుతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి ఆ మూలాన్ని మార్చాలి. లెక్సెల్ చేసిన మార్పు ఏమిటంటే, ఒక్క కోబాల్ట్ మూలం బదులు 179 చిన్న మూలాలను అర్ధగోళంలా అమర్చి, అన్నింటి కిరణాలూ ఒకే బిందువులో కలిసేలా చేయడం. ఒక్కో కిరణం బలహీనం. దారిలో ఉన్న మెదడుకు దానివల్ల పెద్దగా హాని లేదు. పిల్లకాలువలన్నీ వచ్చి ఒకే చెరువులో కలిసినట్టు, అవన్నీ కలిసే చోట మాత్రం మోతాదు నిండుగా ఉంటుంది. స్టాక్‌హోమ్‌లో 1967లో సిద్ధమైన ఆ యంత్రమే గామా నైఫ్.

ఆ యంత్రం గడ్డల కోసం పుట్టలేదన్న సంగతి చాలామంది మరిచిపోతారు. లెక్సెల్ దృష్టి అప్పట్లో తీరని నొప్పుల మీద, వణుకుడు జబ్బుల మీద ఉంది. మెదడు లోతుల్లో ఒక చిన్న నరాల కట్టను తెంపడం ఆయన లక్ష్యం. గడ్డకు రేడియోసర్జరీ చేయాలంటే గడ్డ అంచులు కంటికి కనబడాలి, అప్పటి ఎక్స్‌రేల్లో అవి కనబడవు. 1971 అక్టోబరులో లండన్‌లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ సీటీ యంత్రంతో మొదటి రోగి తలను చిత్రించాక దారి తెరుచుకుంది. 1980ల చివరికి ఎమ్మారై, దానితో పాటు సిరలోకి ఎక్కించే గడోలినియం మందు వచ్చాయి. మెనింజియోమా ఆ మందును పీల్చుకుని తెల్లగా వెలుగుతుంది. పొర వెంట దాని తోక ఎంతదాకా పోయిందో కూడా కనిపిస్తుంది. రేడియోసర్జరీకి కిరణం ఎంత ముఖ్యమో ఈ బొమ్మ అంత ముఖ్యం. నన్నడిగితే, బొమ్మే ఇంకాస్త ముఖ్యం అంటాను.

మెనింజియోమాకు రేడియేషన్ పనిచేయదన్న అభిప్రాయం చాలాకాలం రాజ్యమేలింది. నిదానంగా పెరిగే గడ్డ కిరణానికి లొంగదని నమ్మేవారు. ఆ నమ్మకాన్ని కదిలించింది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులు 1975లో ఇచ్చిన నివేదిక. గడ్డ కొంత మిగిలిపోయినవారిలో రేడియేషన్ ఇవ్వకపోతే 74 శాతం మందికి తిరగబెట్టింది, ఇస్తే 29 శాతం మందికే. అదే ఆసుపత్రి 1994లో మరో లెక్క బయటపెట్టింది. ఆపరేషను తరవాత రేడియేషన్ తీసుకున్న హానిరహిత మెనింజియోమా రోగుల్లో అయిదేళ్లపాటు గడ్డ పెరగకుండా ఉన్నవారు 1980కి ముందు చికిత్స పొందినవారిలో 77 శాతం, ఆ తరవాతివారిలో 98 శాతం. 1980 తరవాత వచ్చిన పెద్ద మార్పు స్కానే. ముందు అంచనాతో వేసిన కిరణాన్ని తరవాత చూసి వేశారు.

ఇదే కాలంలో శస్త్రవైద్యులు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1980లలో స్లొవేనియాలోని ల్యుబ్లియానాలో విన్కో డొలెన్స్ కేవర్నస్ సైనస్ లోపలికి నేరుగా వెళ్లే దారులు చూపాడు. పిట్స్‌బర్గ్‌లో భారతీయ మూలాలున్న లాలిగం శేఖర్ పుర్రె అడుగు గడ్డల శస్త్రచికిత్సలో ప్రపంచ ప్రసిద్ధి పొందారు. సూక్ష్మదర్శిని కింద, పది పన్నెండు గంటలపాటు, ధమనిని పక్కకు జరుపుతూ గడ్డను ముక్కముక్కగా తీసేవారు. ఆ నైపుణ్యం అసామాన్యం. కాని రోగి లేచాక కన్ను తిరగకపోవడం, ముఖం మొద్దుబారడం తరచూ జరిగేవి. అదే పిట్స్‌బర్గ్‌లో 1987లో డేడ్ లన్స్‌ఫోర్డ్ అమెరికాలో మొదటి 201 మూలాల గామా నైఫ్ నెలకొల్పాడు. ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే రకం గడ్డకు, రెండు మార్గాలూ పక్కపక్కనే నడిచాయి. పదేళ్లు తిరిగేసరికి కేవర్నస్ సైనస్ లోపలి భాగాన్ని వదిలేసి, బయటి భాగాన్ని మాత్రం కోసి, మిగిలినదాన్ని కిరణానికి అప్పగించడం ఎక్కువ చోట్ల ఆచారమైంది.

శస్త్రవైద్యులు ఓడిపోయారని ఈ మార్పును చదవడం తప్పు. చూపు నరాన్ని ఒత్తుతున్న గడ్డకు, మెదడు కాండాన్ని నొక్కుతున్న గడ్డకు, మూడు సెంటీమీటర్లు దాటిన గడ్డకు మొదటి వైద్యం నేటికీ కత్తే. వైద్యం నుంచి ఏం ఆశించాలన్న విషయంలోనే మార్పు వచ్చింది. కుషింగ్ తరం గడ్డ లేకుండా పోవాలని కోరింది. 1990ల తరం గడ్డ ఉన్నా సరే, పెరగకుండా ఉంటే చాలు, కన్ను కన్నులా ఉండాలని కోరింది. కిరణం గడ్డను కరిగించేయదు. కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీసి అవి చీలి పెరిగే శక్తిని పోగొడుతుంది, గడ్డకు రక్తం అందించే సన్నని నాళాలను ఏళ్ల మీద మూసేస్తుంది. చాలా గడ్డలు కొంత కుంచించుకుపోతాయి, మిగిలినవి అలాగే నిలిచిపోతాయి.

ఎన్ని నిలిచాయన్నదానికి గట్టి లెక్క 2012లో వచ్చింది. ఐరోపాలోని 15 గామా నైఫ్ కేంద్రాలు తమ రోగుల వివరాలను కలిపి చూశాయి: 4,565 మంది, 5,300 గడ్డలు. అయిదేళ్ల తరవాత గడ్డ పెరగకుండా ఉన్నవి 95.2 శాతం, పదేళ్ల తరవాత 88.6 శాతం. శాశ్వత ఇబ్బంది మిగిలినవారు 6.6 శాతం. నూటికి ఆ ఆరేడుగురిలో ఒకరుగా మిగిలిన మనిషికి శాతాలతో పనిలేదన్నది నిజమే. కాని కోతతో పోల్చి నిర్ణయం తీసుకోవలసిన వైద్యుడికి, కుటుంబానికి ఇంతకన్నా నమ్మదగిన ఆధారం అరుదు.

దక్షిణ భారతంలో ఈ కథ చట్రంతో మొదలైంది. మద్రాసులో 1960లలోనే రామమూర్తి, వి.బాలసుబ్రమణ్యం, టి.ఎస్.కనక స్టీరియోటాక్టిక్ శస్త్రచికిత్సలు చేశారు. తలకు చట్రం బిగించి, కొలతలు తీసి, లోతుకు వెళ్లే విద్య కిరణాలకన్నా ముందే ఇక్కడికి చేరింది. కనక గారు ఆసియాలోని తొలి మహిళా నాడీశస్త్రవైద్యుల్లో ఒకరు. ఆంధ్ర ప్రాంతంలో 1950ల రెండో సగంలో విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఎస్.బాలపరమేశ్వరరావు నాడీశస్త్రచికిత్సకు పునాది వేశారు. హైదరాబాదులో 1955 నుంచి ఉన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి పేదలకు రేడియేషన్ అందిస్తూ వచ్చింది.

కర్నూలు సంగతి వేరు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా మూడేళ్లు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉండి, ఆ హోదాను హైదరాబాదుకు వదులుకుంది. అదే 1956లో కర్నూలు మెడికల్ కాలేజీ వచ్చింది. స్టాక్‌హోమ్‌లో గామా నైఫ్ తయారవుతున్న ఆ దశాబ్దంలో కృష్ణా జిల్లా మంటాడ నుంచి వచ్చిన నోరి దత్తాత్రేయుడు ఇక్కడ ఎంబీబీఎస్ చదివారు. ఉస్మానియాలో రేడియేషన్ వైద్యం నేర్చుకుని అమెరికా వెళ్లి, న్యూయార్కులో రేడియేషన్ నిపుణుడిగా అంతర్జాతీయ కీర్తి సంపాదించారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ప్రత్యేకత గడ్డలోనే రేడియోధార్మిక మూలాన్ని ఉంచే బ్రాకీథెరపీ, ముఖ్యంగా స్త్రీల క్యాన్సర్లలో, మెనింజియోమా కాదు. అయినా ఈ సందర్భంలో ఆయన పేరు చెప్పాలి. ప్రపంచానికి రేడియేషన్ నిపుణుణ్ని ఇచ్చిన ఊరి చుట్టుపక్కల పల్లెల వాళ్లే అదే రేడియేషన్ కోసం దశాబ్దాలపాటు రైళ్లెక్కారు.

భారతదేశంలోకి గామా నైఫ్ 1997లో వచ్చింది. ముంబయి హిందూజా ఆసుపత్రిలోను, ఢిల్లీ ఎయిమ్స్‌లోను ఆ ఒక్క ఏడాదిలోనే పని మొదలైంది. దక్షిణాదిలో ఎక్కువమందికి చేరువైనది మాత్రం మరో దారి. సాధారణ క్యాన్సర్ చికిత్సకు వాడే లీనియర్ యాక్సిలరేటర్, అంటే లినాక్ యంత్రాన్నే సన్నని కిరణం వచ్చేలా మార్చి, తల చుట్టూ తిప్పుతూ గురిపెట్టవచ్చని 1980లలో అర్జెంటీనా, ఇటలీ వైద్యులు చూపించారు. వేలూరులో 1990లలో ఈ పద్ధతి మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ ఆడ్లర్ రూపొందించిన సైబర్‌నైఫ్‌లో లినాక్‌ను రోబో చెయ్యి మోస్తుంది. చట్రం అవసరం లేదు. 2009లో అది చెన్నైకి వచ్చింది. ఆ తరవాత హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రుల్లో లినాక్‌తో చేసే స్టీరియోటాక్టిక్ చికిత్స మామూలైంది. కర్నూలు నుంచి హైదరాబాదుకు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. జూపాడు బంగ్లా వాళ్లకు వేలూరు దారి ఆ మేరకు తగ్గింది.

ఖర్చు విషయంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తరవాత రాష్ట్రమంతా విస్తరించిన ఆరోగ్యశ్రీని గుర్తుచేయకుండా ముందుకు పోలేం. మెదడు ఆపరేషన్లు, రేడియేషన్ ఆ పథకంలోకి రావడంతో తెల్లకార్డు ఉన్న కుటుంబం కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కగలిగింది. రాజకీయాలు పక్కనపెట్టి చూసినా, రాయలసీమ పల్లెల వైద్య చరిత్రలో అది పెద్ద మలుపు.

ఇప్పుడు ఒక రోగికి ఆ చికిత్స ఎలా జరుగుతుందో చూద్దాం. గామా నైఫ్ అయితే ఒక్క రోజు పని. నుదుటికి రెండు చోట్ల, తల వెనక రెండు చోట్ల మత్తు సూది వేసి, నాలుగు మరలతో చట్రాన్ని ఎముకకు బిగిస్తారు. చట్రంతోనే ఎమ్మారై తీస్తారు. వైద్యుడూ భౌతిక నిపుణుడూ కలిసి కంప్యూటరు మీద గడ్డ గీతలు గీసి, ఎక్కడ ఎంత మోతాదు పడాలో లెక్కవేస్తారు. రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు. గడ్డ అంచుకు 12 నుంచి 15 గ్రేలు. చూపు నరానికి 8, మహా అయితే 10 గ్రేలకు మించి పోకూడదు. ఆ మిల్లీమీటర్ల తేడా దగ్గరే ఈ విద్యకున్న ఒడుపంతా.

గడ్డ చూపు నరాన్ని ఆనుకుని ఉంటే ఒక్కరోజు మోతాదు ప్రమాదం. అప్పుడు రోజుకు 1.8 గ్రేల చొప్పున, వారానికి అయిదు రోజులు, మొత్తం 50 నుంచి 54 గ్రేలు ఇస్తారు. దీనికి లినాక్, మాస్కు. చిల్లులున్న తెల్లని ప్లాస్టిక్ పలకను డెబ్బై డిగ్రీల వేడినీళ్లలో వేస్తే గుడ్డలా మెత్తబడుతుంది. దాన్ని తీసి రోగి ముఖం మీద పరిచి, రెండు పక్కలా బల్లకు నొక్కి పడతారు. ముక్కు మీద, కనుబొమల మీద, గడ్డం కింద టెక్నీషియన్ వేళ్లతో అదుముతూ ఆకారం తెస్తాడు. కొన్ని నిమిషాల్లో అది చల్లబడి గట్టి ముసుగవుతుంది. మొదటిసారి చాలామందికి ఊపిరాడదేమోనన్న భయం వేస్తుంది. చిల్లుల గుండా గాలి ఆడుతుందని, కదలకుండా ఉంటే చాలని చెప్పేవాళ్లు పక్కనుండాలి. కిరణానికి గురి గుర్తులు ముఖం మీద కాకుండా ఆ ముసుగు మీదే వేస్తారు. మరుసటి వారం నుంచి రోజూ అదే ముసుగు, అదే బల్ల, పావుగంట. నొప్పి ఉండదు, వేడి తగలదు. తలకు కరెంటు పెడతారట అని ఊళ్లో భయపెట్టినవాళ్లు ఈ పావుగంటను ఎన్నడూ చూసి ఉండరు.

ఒక్క రోజా, ఆరు వారాలా అన్నది వైద్యపరంగా గడ్డ చోటును బట్టి తేలే విషయం. జూపాడు బంగ్లా రైతు కుటుంబానికి మాత్రం దాని అర్థం వేరు. ఆరు వారాలంటే ఊరు కాని ఊళ్లో అద్దె గది, తోడుగా ఒకరు, ఇంటి దగ్గర పశువులను చూసేవాళ్లు, పంట కోతలకు కూలీలు. పథకం చికిత్స ఖర్చును భరిస్తుంది, కోల్పోయిన నలభై రోజుల కూలిని భరించదు. అందుకే సగంలో మానేసి వెళ్లిపోవాలన్న ఒత్తిడి ఉంటుంది. సగంలో ఆగిన రేడియేషన్ గడ్డను ఆపదు. చికిత్స మొదలుపెట్టే ముందే ఈ విషయం కుటుంబానికి విడమరిచి చెప్పడం, దూరం నుంచి వచ్చిన రోగులకు వసతి చూపడం వైద్యంలో భాగమని నేను గట్టిగా నమ్ముతాను.

జాగ్రత్త చెప్పవలసినవి రెండున్నాయి. కేవర్నస్ సైనస్ గడ్డలో ముక్క తీసి పరీక్షించడం కష్టం కనుక, చాలాసార్లు ఎమ్మారై బొమ్మను చూసే మెనింజియోమా అని నిర్ధారిస్తారు. మన దేశంలో పొరల్లో పెరిగే క్షయ గడ్డ కూడా ఒక్కోసారి అచ్చం అలాగే కనిపిస్తుంది. జ్వరం, బరువు తగ్గడం, పాత క్షయ చరిత్ర ఉంటే ముందు ఆ వైపు చూడాలి. రెండోది, కిరణం రెండంచుల కత్తి. 1948 తరవాత ఇజ్రాయెల్‌కు వలస వచ్చిన పిల్లల్లో తలకు తామర సోకినవారికి అప్పటి వాడుక ప్రకారం రేడియేషన్ ఇచ్చారు. ఆ సుమారు 11 వేల మందిని దశాబ్దాలపాటు గమనిస్తే, వాళ్లలో మెనింజియోమాలు మిగతావారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చాయని 1974 నుంచి వెలువడిన అధ్యయనాలు తేల్చాయి. గడ్డను ఆపే కిరణమే, పసితలల మీద తక్కువ మోతాదులో విచ్చలవిడిగా పడితే, గడ్డను పుట్టించింది. చిన్న వయసువాళ్లలో ఈ చికిత్సకు వైద్యులు వెనకాడేది అందుకే. పెరగని చిన్న గడ్డను ఏమీ చేయకుండా ఏటా స్కాన్‌తో గమనించడం కూడా వైద్యమే.

ఇప్పుడు మన జిల్లాల పరిస్థితి మెరుగైంది. 1993 నుంచి తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి పనిచేస్తోంది. 2001లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మొదలైన సత్యసాయి ఆసుపత్రి మెదడు ఆపరేషన్లను ఉచితంగా చేస్తోంది. రాయలసీమ రోగులు అక్కడ తక్కువేమీ కాదు. 2023లో నంద్యాలకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కర్నూలు సర్వజన ఆసుపత్రికి అనుబంధంగా స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. యంత్రాల కొరత మునుపటిలా లేదు. ఇకముందు కావలసినవి భౌతిక నిపుణులు, స్టీరియోటాక్టిక్ లెక్కల్లో శిక్షణ పొందిన వైద్యులు, అన్నింటికన్నా ముఖ్యంగా చికిత్స అయ్యాక రోగిని పదేళ్లపాటు వెన్నంటి చూసే ఏర్పాటు. రేడియేషన్ ఫలితం ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజున తెలియదు. మొదటి ఆర్నెల్లకు, తరవాత ఏడాదికోసారి, ఆ పైన రెండేళ్లకోసారి తీసే ఎమ్మారైలో తెలుస్తుంది. పిట్యుటరీ గ్రంథికి కిరణం తగిలినవారిలో హార్మోన్లు ఏళ్ల తరవాత తగ్గవచ్చు, ఏటా రక్తపరీక్ష అవసరం. వీటికోసం హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. ఎమ్మారైనీ రక్తపరీక్షనూ కర్నూలులో, నంద్యాలలో చేయించి, బొమ్మలను చికిత్స చేసిన వైద్యుడికి పంపే పద్ధతిని ప్రభుత్వ ఆసుపత్రులు పెట్టుకోవాలి. దానికి కొత్త యంత్రం కూడా అక్కర్లేదు.

ఈ వ్యాసం చదివేవారిలో ఇలాంటి గడ్డ ఉన్నవాళ్లుంటే, లేదా వాళ్లింటివాళ్లుంటే, ఒక్క మాట. మొదటి స్కాన్ ఫిల్మునూ సీడీనీ, రేడియేషన్ ఎంత మోతాదు ఇచ్చారో రాసిన డిశ్చార్జి కాగితాన్నీ పారేయకండి, ఎవరికైనా ఇవ్వవలసి వస్తే నకలు మాత్రమే ఇవ్వండి. గడ్డ పెరిగిందా, ఆగిందా అని ఏ వైద్యుడైనా చెప్పగలిగేది కొత్త బొమ్మను ఆ పాత బొమ్మ పక్కన పెట్టి కొలిచినప్పుడే.